గుర్రం కాలు, జూరకాన్ కళ్ళు

ఆ ఉదయం ఎసెన్‌కుల్ పెట్టుకున్న పని చిన్నదే. ఉప్పు వేసిన పాల టీ తాగి, ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసి, గుర్రానికి గడ్డి వేయాలి. భార్య జూరకాన్ కళ్ళకు శుక్లాలు ముదిరాయి. గుమ్మంలో కూర్చుని పొగమంచులోకి చూసినట్టు చూస్తూ, "కొండలు ఇవాళ మన పెరట్లోకి వచ్చేశాయయ్యా," అంటుంది. మబ్బులొస్తే వాటిని గొర్రెలనుకుని అదిలిస్తుంది. ఎండాకాలం మందలతో కొండల మీది పైమేతకు వెళ్ళేలోగా బిష్కెక్‌లో ఆపరేషన్ చేయించకపోతే కష్టమన్నాడు డాక్టరు. పింఛను రొట్టెలకే సరి.

నగరంలో ఉన్న కోడలు గులైర విరాళాల సైట్‌లో పేజీ తెరిచి పెట్టింది. "ఏం జరిగిందో మీ మాటల్లో రాయండి మామయ్యా. జనం కరిగిపోవాలి," అంది.

మా వైపు ఎవరు ఎదురైనా ముందు పశువుల క్షేమం, తరవాతే మనుషుల క్షేమం. ఎసెన్‌కుల్ మర్యాద తెలిసినవాడు. అందుకని, "మా బూడిదరంగు గుర్రం మంచులో జారి ఎడమకాలు నొప్పి చేసుకుంది. పాపం కుంటుతోంది," అని మొదలుపెట్టి, గొర్రెల సంగతీ చెప్పి, చిట్టచివర జూరకాన్ కళ్ళ గురించి రాశాడు. పేజీలో పైకి కనిపించేవి మొదటి రెండు వాక్యాలే. మిగతాది చదవాలంటే కింద నొక్కాలి. ఎవరూ నొక్కలేదు.

సాయంత్రానికల్లా డబ్బు రావడం మొదలైంది. జన్మలో జీను ఎక్కని నగరవాసులు తమ తాతల నాటి గుర్రాలను కలలో చూసి, నిద్ర లేస్తూనే పంపారు. ఎదురువీధి అబ్దికెరిమ్ పేరు దాతల్లో పైన కనిపించిందని ధాన్యం వ్యాపారి తోక్తోసున్ ఇంకాస్త ఎక్కువ ఇచ్చాడు. అది చూసి అబ్దికెరిమ్ మళ్ళీ ఇచ్చాడు.

"నీ కళ్ళంటే లోకానికి ఎంత ప్రేమే," అని ఎసెన్‌కుల్ మురిసిపోయాడు.

"మరి ఈ గుర్రపు దుప్పటి ఎవరు పంపారయ్యా?" అంది జూరకాన్, చేత్తో తడిమి చూసి.

దుప్పటి తరవాత తైలాలు, తైలాల తరవాత ఎముకలు సరిచేసేవాళ్ళు వచ్చారు. ఇంటికొచ్చినవాళ్ళకు మాంసం పెట్టకపోతే పరువుండదు కాబట్టి గొర్రె తెగింది. డబ్బంతా గుర్రం కోసమే వచ్చిందని ఎసెన్‌కుల్‌కు అప్పటికి అర్థమైంది. గుర్రం ఎప్పుడో బాగుపడి దొడ్లో గెంతుతోంది. నిజం చెబితే డబ్బు వెనక్కి పోతుంది, దానితో జూరకాన్ చూపూ పోతుంది. తోక్తోసున్ స్వయంగా పరామర్శకు వస్తున్నాడని తెలియగానే, "వెళ్ళి దాని కాలికి కట్టు కట్టవే," అని భార్యను దొడ్లోకి తరిమాడు.

తోక్తోసున్ గుర్రం చుట్టూ తిరిగి గడ్డం గోక్కున్నాడు. "దెబ్బ ఎడమకాలికన్నావు. కట్టు కుడికాలికుందేంటి?"

"కనబడితే సరిగ్గానే కట్టేదాన్ని అన్నయ్యా," అంది జూరకాన్.

ఇక దాచడానికేముంది. ఎసెన్‌కుల్ ఫోన్ తీసి అతని చేతిలో పెట్టి, "కింద నొక్కి చదువు," అన్నాడు. తోక్తోసున్ చివరిదాకా చదివాడు. ఎసెన్‌కుల్‌కు ఏడుపొచ్చింది. "అందరికీ తిరిగిచ్చేస్తాను," అన్నాడు.

"నోరు మూసుకో. మొదట్లోనే కళ్ళ సంగతి రాసుంటే నేను చూడనట్టు తప్పుకునేవాణ్ణి. మా ఆవిడకీ ఇలాగే చూపు పోయింది. రేపు మాపంటూ గడిపేశాను. గుర్రమనుకో, హాయిగా జాలిపడొచ్చు." అతను ఫోన్ తిరిగిచ్చేశాడు. "పైగా నేను వెనక్కి తీసుకుంటే ఆ అబ్దికెరిమ్ పేరు పైకి పోతుంది. చెల్లెమ్మ కళ్ళు బాగు చేయించు."

ఆపరేషన్ అయింది. పైమేతలో, కొండలన్నీ ఎక్కడివక్కడ నిలబడి ఉండగా, జూరకాన్ గుర్రం మెడ మీద చెయ్యేసి కళ్ళు విప్పార్చి నవ్వింది. గులైర ఫోటో తీసి, ఈసారి కళ్ళ సంగతి మొదటి వాక్యంలోనే రాసి, దాతలందరికీ పంపింది. ఎసెన్‌కుల్ ఆ నవ్వును చూసి చూసి కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రానికి మొదటి జవాబు వచ్చింది.

"గుర్రం బ్రహ్మాండంగా కోలుకుంది, సంతోషం. పక్కన ఆ పెద్దావిడ ఎవరు?"