శాంతయ్య ఉప్పు ప్రసంగం

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, సరిగ్గా కోత పండగ ముందర, చిత్తూరు గ్రీమ్స్‌పేట చర్చి పాస్టరు అయ్యగారికి చలిజ్వరం పట్టుకుంది. పండగ ఆదివారం గుళ్ళో వాక్యం చెప్పే బాధ్యత సంఘపెద్ద శాంతయ్య మీద పడింది.

శాంతయ్య బెల్లం మండీలో గుమాస్తా. మండీలో ఆయన మాట కంటే ఈగల మాటే ఎక్కువ వినిపించేది. అలాంటి మనిషిని ప్రసంగ పీఠం ఎక్కమనేసరికి కాళ్ళు నేల మీద ఆనడం మానేశాయి.

ఆయన నాయన గురప్ప, కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెల్లో ఉపదేశిగా తిరిగినవాడు. కాల్లో ముల్లు దిగినా, మేక తాడు తెంపుకున్నా అందులోంచి దేవుడి మాట ఒకటి తీసి చెప్పేవాడు. జనం చేతిలో పని ఆపి వినేవాళ్ళు. ఆ విద్య తనకూ అబ్బిందో లేదో శాంతయ్య ముందుగా భార్య వసంతమ్మ మీద పరీక్షించుకున్నాడు.

ఆమె కిరసనాయిలు స్టవ్వును పిన్నుతో పొడుస్తూ ఉంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సూడు వసంతా. పొడిస్తేగానీ స్టవ్వు ఎలగదు. మనిషీ అంతే."

"అయితే పిన్ను ఈడే పెడతా. మీకెప్పుడు కావల్లో చెప్పండి."

ఇల్లు కారితే, "కృప కూడా ఇట్లే చుక్క చుక్కగా దిగొస్తాది" అన్నాడు.

"కృప మంచం మీద దిగుతాండాది. ముందు పైకెక్కి పెంకు సర్దండి" అంది వసంతమ్మ.

పెంకు సర్దుతూ ఉండగానే శాంతయ్యకు ఉప్పు తట్టింది. లోకానికి ఉప్పులా ఉండమని ప్రభువు చెప్పాడు కదా. ఆ మాట ఊరికే చెబితే జనం ఆవలిస్తారు. నాలుక మీద పెట్టి చూపిస్తే? ఆరాధన తర్వాత సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు ఉంది. గుడి వెనకే తమ ఇల్లు కాబట్టి, సాంబారు తమ పెరట్లోనే కాగుతుంది. అందులో ఉప్పు లేకుండా చేస్తే అందరూ మొదటి ముద్దకే మొహాలు చిట్లిస్తారు. అప్పుడు తను లేచి, "ఉప్పు లేని సాంబారు ఎట్లుండాది? మనం లేని లోకమూ అట్లే" అని, ఉప్పు జాడీ ఎత్తి చూపిస్తాడు. నాయన కూడా ఇంత గొప్పగా చెప్పి ఉండడు.

ఆ రోజుల్లో ఉప్పు బండి మీద వచ్చేది. ఆడవాళ్ళు బియ్యం కొలిచి పోసి, కల్లుప్పు చేటలో పోయించుకుని, ఏడాదికి సరిపడా జాడీకి ఎత్తేవాళ్ళు. వసంతమ్మది పసుపు మూతి జాడీ. శనివారం ఆమె పూలు కొనడానికి వీధిలోకి పోగానే, శాంతయ్య దాన్ని అటక మీదకు చేర్చాడు.

ఆదివారం పొద్దున పెరట్లో అండా నిండా సాంబారు ఉడుకుతోంది. శాంతయ్య అద్దం ముందు తల దువ్వుకుంటూ భార్యనే గమనిస్తున్నాడు. ఉప్పు ఎక్కడని ఆమె అడగలేదు. వెతకనూ లేదు. మరిచిపోయింది పాపం అనుకుని, ఆమె మతిమరుపుకు మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాడు.

గుడి వాకిట్లో సిద్ధమ్మ ఎదురైంది. నాయన కాలపు ముసలామె. ఒళ్ళో గుమ్మడికాయ పెట్టుకుని మొదటి బస్సుకు కార్వేటినగరం నుంచి వచ్చింది.

"రాత్రీ తిన్లేదు నాయనా. మీ సాంబారు కోసరం కడుపు ఖాళీగా పెట్టుకోనుండా" అంది.

గుళ్ళో పీఠం ముందు చెరుకు గడలు, అరటి గెలలు, గుమ్మడికాయలు గుట్టగా పోసి ఉన్నాయి. శాంతయ్య ప్రసంగం మొదలుపెట్టాడు. బాగానే నడుస్తోంది. ఇంతలో గాలి తిరిగి కిటికీలోంచి సాంబారు వాసన వచ్చింది. ముందు చాపలో కూర్చున్న సిద్ధమ్మ కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్చి, చిన్నగా నవ్వుకుంది.

శాంతయ్య చూపు ఆమె మీదే ఆగిపోయింది. రాత్రి నుంచి పస్తున్న మనిషి చేత చప్పిడి కూడు తినిపించి పాఠం చెప్పడానికి తనకు నోరెలా వస్తుంది? చెప్పాల్సింది సగం ఉండగానే "ఆమేన్" అనేశాడు. సంఘం ఎంతో ఆనందంగా ఆమేన్ అంది. ముగింపు పాట అందుకోగానే ఆయన వెనక తలుపులోంచి ఇంటికి పరిగెత్తాడు. అటక మీద జాడీ దించి, దోసిలి నిండా కల్లుప్పు తీసి అండాలో పోశాడు. చాలదేమోనని ఇంకో దోసిలి పోసి, గరిటెతో తిప్పి, చెమట తుడుచుకున్నాడు. పాడు పథకం పోతే పోయింది, ముసలామె కడుపు నిండుతుంది అనుకున్నాడు.

పంక్తి కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న మునివెంకటప్ప, సంఘానికి కోశాధికారి, దవడలు ఆపేశాడు.

"ఏమబ్బా, బాగలేదా?" అన్నాడు శాంతయ్య.

"బాగుండాదప్పా. నువ్వు గుళ్ళో చెప్పకుండా వదిలేసిందంతా ఇందులో ఏసినట్లుండావు."

వసంతమ్మ భర్తను పక్కకు లాగింది.

"ఎంత పోసినారు?"

"రెండు దోసిళ్ళే."

"నేను పొద్దున్నే ఏసి రుచి సూసినా గదా."

"జాడీ నీకు యాడ దొరికింది?"

"నిన్న తలనిండా అటక మీది బూజు పెట్టుకోనొస్తే తెలీదా? కావల్సినంత తీసుకోని జాడీ ఆడే పెట్టేసినా."

"తెలిస్తే నన్నెందుకు అడగలే?"

"అడిగితే ప్రసంగం మొదలుపెడతారని."

వసంతమ్మ కొంగు దోపి పనిలోకి దిగింది. పీఠం ముందరి గుమ్మడికాయలన్నీ కోయించి అండాలో వేయించింది. అది నిండిపోతే ఇంకో అండాలోకి సగం వంచింది. చింతపండు పిసికించి, బిందెలకొద్దీ నీళ్ళు పోయించింది. పప్పు చాలలేదు. గోడ మీదుగా సంగతి విన్న పక్కింటి చంద్రకాంతమ్మ, శనివారాలు ఒక్కపొద్దుండే మనిషి, తన ఇంట్లో ఉడికిన పప్పు తపేలాతో సహా తెచ్చి కుమ్మరించింది.

ఉప్పు సరిపోయేసరికి సాంబారు సంఘానికి మించిపోయింది. వసంతమ్మ వాకిట్లో నిలబడి వీధినంతా పిలిచింది. గుడికొచ్చేవాళ్ళు, రానివాళ్ళు, అటుగా పోతున్న జట్కావాడు, అందరూ వచ్చి కూర్చున్నారు. గుళ్ళో చాపలు చాలక అరటాకులు వీధిలో పరిచారు. శాంతయ్య బకెట్టు పట్టుకుని వడ్డించాడు.

సిద్ధమ్మ మూడోసారి పోయించుకుంది.

"మీ నాయన చెప్పిన వాక్యాలన్నీ మర్సిపోయినా అబ్బోడా" అంది. "మా ఇంట్లో పొయ్యి ఎలగలేదని తెలిస్తే తన సంగటి ముద్దలో సగం ఇచ్చేసి పోతాన్నాడు. అదొకటి గ్యాపకముండాది."

శాంతయ్య ఆమె ఆకులో ఇంకో గరిటె పోసి, మొహం పక్కకు తిప్పుకుని ముందుకు పోయాడు.

సాయంత్రం భార్యాభర్తలు అయ్యగారికి క్యారియర్ తీసుకుపోయారు. ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టి అడిగాడు.

"వాక్యం ఎట్లుండింది శాంతయ్యా?"

శాంతయ్య భార్య వైపు చూశాడు.

"ముందర ఉప్పగా ఉన్నింది అయ్యగారూ" అంది వసంతమ్మ క్యారియర్ మూత తీస్తూ. "వీధి వీధంతా కలిసినాక సరిపోయింది."