అల్హాజాకి పడ్డ ఒక్క ఓటు

"మహిళలే మన పార్టీకి వెన్నెముక! కనుక గవర్నరు పదవికి పోటీ చేసే మహిళలకు నామినేషన్ ఫారం ఉచితం! పూర్తిగా ఉచితం! ఇది చరిత్ర!"

పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు చీఫ్ అజిబాదె గుండెల మీద చెయ్యేసుకుని మైకులో ఈ మాట అనగానే హాలు హాలంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు ఒకెలూజా ఊరి డెలిగేటు రఫీయు. ఆ చప్పట్లు తన కాపురం మీదికే వస్తాయని ఆ అమాయకుడికి అప్పటికి తెలీదు!

ఆ ఫారానికి మగవాళ్లయితే ఐదు కోట్ల నైరాలు కట్టాలి. ఆడవాళ్లు ఏమీ కట్టక్కర్లేదు. ఉచితం కదా అని ఎవరో ఒకావిడ తీసుకుంటుంది, అధ్యక్షుడి పక్కన నిలబడి ఫోటో దిగుతుంది, డెలిగేట్లు ఓట్లేసి పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీకి వారం ముందు పార్టీ ఐక్యత కోసమని కళ్లు ఒత్తుకుంటూ తప్పుకుంటుంది. పార్టీ ఆవిడకి ఓ బిరుదిచ్చి ఇంటికి పంపిస్తుంది. ఎన్నేళ్ల నుంచో వస్తున్న మర్యాద ఇది. ఈ మర్యాద తెలీని మనిషి, లేదా తెలిసీ తెలీనట్టు నటించిన మనిషి, ఆ మర్నాడే వెళ్లి ఫారం తెచ్చుకుంది. ఆవిడ పేరు అల్హాజా సికిరాత్. సాక్షాత్తూ రఫీయు భార్య.

సికిరాత్ అంటే మామూలు మనిషి కాదు. హజ్ చేసొచ్చింది కాబట్టి అల్హాజా. అంతకన్నా ముఖ్యం, ఒకెలూజాకి ఇయాలోజా. అంటే మార్కెట్ మొత్తానికి అమ్మ. ఏ కొట్టు ఎవరిది, ఏ లారీ ఎప్పుడు దిగాలి, ఎవరి టమాటా గంప నీడలో ఉండాలి, ఎవరిది ఎండలో ఉండాలి, అన్నీ ఆవిడ నోటి మాట మీద నడుస్తాయి. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల మార్కెట్లు కూడా ఆవిడ తలకట్టు ఎటు ఊగితే అటే. రఫీయు పోషణా అంతే. అతని సిమెంటు కొట్టు ఉన్న స్థలం ఎవరిదని అడక్కండి.

ఆవిడ ఫారం నింపి ఇచ్చేసిందని తెలిసి చీఫ్ అజిబాదె నలుగురిని వెంటేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, మీరు మాకు తల్లి. తల్లి ఎక్కడన్నా పోటీ చేస్తుందా? కూర్చుని దీవిస్తుంది."

"దీవించి దీవించి చేతులు నొప్పి పుడుతున్నాయి చీఫ్. ఈసారికి మీరు దీవించండి."

"అది కాదమ్మా. ఫారం ఉచితం అన్నాం గానీ..."

"గానీ?"

"గానీ, నింపమనలేదు కదమ్మా!"

సికిరాత్ నవ్వి, వాళ్లకి చల్లటి జోబో శరబత్తు పోయించి పంపేసింది. రఫీయు గేటు దాకా వెళ్లి సాగనంపి, "నేను చెప్పి చూస్తాన్లెండి" అని గుసగుసలాడి, లోపలికొచ్చి భార్యతో, "వాళ్లకి గట్టిగా చెప్పేశాను, తగ్గేదే లేదని!" అన్నాడు. ఆయన పద్ధతే అంత. ఎదుటి మనిషిని బాధపెట్టడం ఆయన రక్తంలో లేదు. అందుకే ఎదుట ఎవరుంటే వాళ్ల పక్షం.

ప్రైమరీకి రెండు రోజుల ముందు ఇంజనీరు ఒలాగోకే మనుషులు ఒకెలూజా డెలిగేట్లు ఇరవై నలుగురినీ బస్సులో ఎక్కించి రాజధానిలో ఒక హోటల్లో దించారు. ఫోన్లు లాక్కున్నారు. ప్రజాస్వామ్యానికి బయటి గాలి తగలకూడదు కదా! ఆ లోటు తెలీకుండా మూడు పూటలా దంచిన కందముద్ద, పుచ్చగింజల ఎగుసీ పులుసు, మేకమాంసం. ఇంజనీరు ఒలాగోకే అంటే కాబోయే గవర్నరు. కాబోయేవాడు అని ఎవరూ అనట్లేదు, అప్పుడే "హిజ్ ఎక్సలెన్సీ" అంటున్నారు. ఎదురు హోటల్లో మరో అభ్యర్థి డాక్టర్ బామిగ్బోయేని కూడా అదే అంటున్నారనుకోండి.

రెండో రోజు ఇంజనీరు స్వయంగా వచ్చి రఫీయు భుజం మీద చెయ్యేశాడు.

"అన్నా, మీ ఆవిడంటే నాకు ఎంత గౌరవమో నీకు తెలుసు. ఆవిడకెలాగూ ఓట్లు పడతాయి. నీ ఒక్కడి ఓటు నాకు పడితే రాష్ట్ర మంచినీళ్ల బోర్డుకి నువ్వే ఛైర్మన్‌వి."

రఫీయు ఆ రాత్రంతా లెక్క వేసుకున్నాడు. మా ఊరి డెలిగేట్లు ఇరవై నాలుగు మంది. మిగతా ఇరవై మూడు మందీ సికిరాత్ చేతి ఉప్పు తిన్నవాళ్లే. ఖురాన్ మీద ఒట్టేసినవాళ్లు కొందరు, బైబిల్ మీద వేసినవాళ్లు కొందరు. వాళ్లందరూ ఆమెకే వేస్తారు. ఇరవై నాలుగుకీ ఇరవై మూడుకీ తేడా ఎవరికి తెలుస్తుంది? పైగా రాష్ట్రంలో కుళాయిల్లో నీళ్లు వచ్చి పదేళ్లయింది. నీళ్లే లేని నీళ్ల బోర్డంటే అంతకన్నా ప్రశాంతమైన ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది! తేలికపడిన మనసుతో మర్నాడు స్టేడియంలో కాగితం మీద ఒలాగోకే పేరు రాసి పెట్టెలో వేసేశాడు.

తర్వాత లెక్కింపు మొదలైంది. మైదానం మధ్యలో నిలబడి ఒకాయన ఒక్కో కాగితం తీసి పైకెత్తి చూపిస్తూ పేరు చదువుతున్నాడు. దేశమంతా టీవీలో చూస్తోంది. పెద్దల పందిట్లో సికిరాత్ నీలం తలకట్టుతో నిటారుగా కూర్చుంది.

"ఇంజనీర్! డాక్టర్! ఇంజనీర్! ఇంజనీర్! డాక్టర్!"

వంద కాగితాలయ్యాయి. అల్హాజా పేరు లేదు. మా ఊరివాళ్లవి అడుగున ఉండి ఉంటాయిలే అనుకున్నాడు రఫీయు. రెండు వందలయ్యాయి. పేరు లేదు! రఫీయు టోపీ తీసి విసురుకున్నాడు. రెండు వందల యాభై! పెట్టె అడుగు కనిపిస్తోంది, అల్హాజా మాత్రం కనిపించడం లేదు. గెలవక్కర్లేదు, డిపాజిట్టు దక్కక్కర్లేదు, ఒక్క ఓటు! ఒక్కటి పడితే చాలు, అది నాదే అని చెప్పుకుని ఇంటికి పోవచ్చు. సున్నా వస్తే? మొగుడు కూడా వెయ్యలేదని దేశమంతటికీ తెలిసిపోదూ! కందముద్ద సంగతి దేవుడెరుగు, కొట్టు తాళాలు కూడా చేతికి దక్కవు.

"యా అల్లా! ఒక్కటి! ఒక్కటే ఒక్కటి!"

మూడు వందల ఆరో కాగితం తీసి ఆయన ఒక్క క్షణం ఆగాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"అల్హాజా సికిరాత్!"

రఫీయు కుర్చీ ఎక్కి గెంతాడు. "అదీ! అది నాది! నా ఓటది!"

పక్కనే కూర్చున్న కసాయి సంఘం పెద్ద ఓయెవూమీ అతని అగ్బాడా అంగీ పట్టి లాగాడు. "నీదేంటయ్యా? అది నాది!"

వెనక వరసలోంచి హెడ్మాస్టరు అకాంబి లేచాడు. "క్షమించాలి. ఆ చేతిరాత నాది. ఇంత దూరం నుంచి కూడా గుర్తుపట్టగలను."

ఇంజనీరుకి నూట ఎనభై, డాక్టరుకి నూట ముప్పై ఒకటి, అల్హాజాకి ఒకటి. ఆ రాత్రి రఫీయు ఇంటికి పోకుండా హోటల్లోనే ముసుగుతన్ని పడుకున్నాడు. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో, కళ్లల్లో నీళ్లు ఎక్కడ తెప్పించాలో వల్లెవేసుకుని పొద్దున్నే బయల్దేరాడు.

తీరా వచ్చి చూస్తే వాకిట్లో అడుగు పెట్టే చోటు లేదు. ఒకెలూజా డెలిగేట్లు ఇరవై ముగ్గురూ అప్పటికే హాజరు! ఒకడి చేతిలో కందగడ్డలు, ఒకడి చేతిలో కోడిపుంజు. అందరి కళ్లూ తడిగానే ఉన్నాయి. రఫీయు కష్టపడి దాచుకొచ్చిన కన్నీళ్లకి అక్కడ ఎవరూ చోటివ్వలేదు.

"అమ్మా, నా గుండె పగిలిపోయింది. ఆ ఒక్కటీ నేనేసిందే. ఈ ద్రోహులెవరూ వెయ్యలేదు," అంటున్నాడు లారీ యూనియన్ కార్యదర్శి.

"ఎవర్రా ద్రోహి? నువ్వు ఎవరికేశావో నీ పొట్టే చెబుతోంది!" అన్నాడు ఓయెవూమీ.

రఫీయు వాళ్లని తోసుకుంటూ భార్య ముందుకెళ్లి నిలబడి, బిడ్డ పేరు పెట్టి పిలిచాడు. "రిసీ అమ్మా! అందరూ నిన్ను మోసం చేశారు. నేనొక్కణ్ణే..."

సికిరాత్ మొగుడి వంక చూసింది. కోపం లేదు, నవ్వు లేదు. అల్లం అమ్మే ఆవిడ తక్కెడ వంక చూసినట్టు చూసింది.

"అయితే మీరందరూ నాకే వేశారు. అంతేనా?"

"అంతే అమ్మా!" అన్నారు ఇరవై నలుగురూ ఒక్క గొంతుతో. అనక ఏం చేస్తారు? కాదన్నవాడి టమాటా గంప ఎండలోకి పోతుంది.

"మరి లెక్కలో ఒకటే వచ్చిందంటే ఎవరో దొంగలెక్క చదివారన్నమాట. నా బిడ్డల ఓట్లు ఎవరో తినేశారు! ఊరుకుంటానా? అజారత్, కాగితాలు తే."

లోపల్నుంచి ఆవిడ మేనకోడలు బారిస్టర్ అజారత్ దొంతర కాగితాలతో వచ్చింది. వెనకే కోర్టు నుంచి ప్రమాణాలు చేయించే గుమాస్తా. 'నేను అల్హాజా సికిరాత్‌కే ఓటు వేశానని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను' అని ముందే టైపు కొట్టి ఉంది. పేరు రాసుకోవడమే ఆలస్యం!

ఇరవై నలుగురూ ఒకరి వెనక్కి ఒకరు జరిగారు.

"ముందు ఇంటాయన చెయ్యాలి కదా," అంది సికిరాత్. "రిసీ నాన్నా, రండి."

రఫీయు చెయ్యి వణికింది. తల పైకెత్తితే భార్య, దించితే ఖురాన్. సంతకం పెట్టేశాడు. మిగతావాళ్లు ఇంక ఆగుతారా? తోసుకుంటూ పెట్టారు. ఓయెవూమీది కాస్త పాతకాలపు మతం. అతని ముందు గుమాస్తా ఇనప కత్తి పెట్టి, ఇనుముకి దేవుడైన ఓగున్ మీద ప్రమాణం చెయ్యమన్నాడు. ఓయెవూమీ నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"కత్తొద్దు బాబూ. నాక్కూడా ఆ బైబిలే ఇయ్యి."

"నువ్వు చర్చికి పోవుగా?"

"ఇప్పుడే చేరాను. ఆ దేవుడైతే క్షమిస్తాడంటారు. ఓగున్‌కి ఆ అలవాటు లేదు."

కబురు సాయంత్రానికల్లా పదకొండు ఊళ్లకీ పాకింది. అల్హాజా దగ్గర ఒక జాబితా ఉందట, అందులో పేరు లేనివాడే ఓటు వెయ్యనివాడట! మర్నాటి నుంచి బస్సుల మీద బస్సులు. డాక్టర్ బామిగ్బోయే హోటల్లో ఆరు పూటలు తిన్నవాళ్లూ వచ్చారు, ఇంజనీరు బావమరదులూ వచ్చారు. అసలు డెలిగేటే కాని చీఫ్ అజిబాదె కూడా వచ్చి, "మనసులో వేశానమ్మా, దానికేమైనా ఫారం ఉందా?" అని అడిగాడు.

దేశ రాజధాని అబూజా నుంచి పార్టీ అప్పీలు కమిటీ దిగింది. అయిదుగురు పెద్దమనుషులు నూట తొంభై ఆరు ప్రమాణపత్రాలు ముందేసుకుని రెండు రోజులు తల పట్టుకున్నారు. చివరికి పెద్దాయన తీర్పు చదివాడు. "లెక్క నిజమైతే మన పార్టీలో నూట తొంభై అయిదుగురు గౌరవనీయులు అబద్ధాలకోరులని అర్థం. పార్టీ నియమావళి మూడో అధ్యాయం ప్రకారం మన సభ్యులు అబద్ధమాడరు. కనుక లెక్కే తప్పు! మన అభ్యర్థి అల్హాజా సికిరాత్!"

తీర్పు వచ్చాక సంతకాలకి గిరాకీ మరీ పెరిగింది. రెండు వందల తొమ్మిది అయ్యాయి. ఆ రోజు వాకిట్లో బాజాలు మోగుతుండగా కారొకటి వచ్చి ఆగింది. దిగింది ఎవరనుకున్నారు? ఇంజనీరు ఒలాగోకే! వెంట ఆయన భార్య బోసెదె. పార్టీ మహిళా విభాగం తరఫున ఆవిడా డెలిగేటే.

ఇంజనీరు రెండు చేతులూ చాచాడు. "అల్హాజా! ఒక రహస్యం చెప్పమంటారా? నా ఓటు కూడా మీకే వేశాను. నాకు నేనే వేసుకోవడానికి సంస్కారం అడ్డొచ్చింది."

"రెండు వందల పది," అంది అజారత్. "ఇక్కడ సంతకం పెట్టండి."

ఆయన చెయ్యి వణక్కుండా పెట్టాడు. రఫీయుకి అసూయ పుట్టింది. ఎంతైనా ఇంజనీరు కదా!

అజారత్ కలం బోసెదె వైపు తిప్పింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నాకొద్దమ్మా."

"పెట్టవే, భయమెందుకు?" అన్నాడు ఇంజనీరు నవ్వుతూ.

"భయం కాదు. నేను నిజంగానే వేశాను కదా, ఇంకా ప్రమాణమెందుకు?"

బాజాలవాళ్లు ఆపేశారు. ఉన్నది ఒకే ఒక్క ఓటు, అది ఎవరిదో తేలిపోయింది. వాకిట్లో గౌరవనీయులందరూ ఎవరి చెప్పుల వంక వాళ్లు చూసుకున్నారు. ఇంజనీరు నవ్వు మాత్రం మొహం మీద అలాగే ఉండిపోయింది, దించడం మర్చిపోయాడు. మరుక్షణం హెడ్మాస్టరు అకాంబి చప్పట్లు మొదలుపెట్టాడు. మిగతావాళ్లు ప్రాణం లేచొచ్చినట్టు అందుకున్నారు.

రఫీయు మెల్లిగా భార్య పక్కకి జరిగాడు.

"రిసీ అమ్మా... నీకు ముందే తెలుసా?"

"లెక్కింపు రోజే బోసెదె వచ్చి చెవిలో చెప్పింది."

"మరి అన్నీ తెలిసి నా చేత ఆ ఒట్టు ఎందుకు పెట్టించావు? అదీ అందరికన్నా ముందు?"

సికిరాత్ జనానికి చెయ్యి ఊపుతూనే, పెదాలు కదపకుండా చెప్పింది.

"మొగుడే ఒట్టేశాక ఊళ్లోవాళ్లు వెనకాడతారా? మీరు నాకు ఓటు వెయ్యకపోతే వెయ్యకపోయారు గానీ రిసీ నాన్నా, రెండు వందల తొమ్మిది ఓట్లు వేయించారు."