కొంగ పరుగు

ఒక పెద్ద అడవిలో వెలగపండాటంటే అందరికీ ప్రాణం. ప్రతి జట్టులోనూ నడుమ నిలబడి కోతి పండు విసురుతుంది. మైదానం అంచున దాని జట్టు చెవులపిల్లి, అదే కుందేలు, పరుగెత్తి అందుకుంటుంది. దానికి పండు అందకుండా చూడడం అవతలి జట్టు అంచుకాపరి పని. అందకపోతే అది కోతి చేతకానితనం, అందితే మాత్రం అడవంతా తిట్టేది కాపరినే.

ఏటా ఎండలు ముదిరే ముందు ఏటి అవతలి అడవితో పందెం ఉంటుంది. గెలిచినవాళ్లకి వేసవంతా ఏటి మడుగు. ఓడినవాళ్లు ఇసుకలో చెలమలు తవ్వుకోవాల్సిందే.

మన అడవి కాపరి చిట్టెయ్య అనే ముంగిస. అవతలి చెవులపిల్లి వెనకే అంటుకుపోయేది, అది ఎటు తిరిగితే అటు తిరిగేది. దాంతో ఏ కోతీ ఆ వైపు పండు విసిరే సాహసం చెయ్యలేదు.

ఆట నేర్పే నక్క జంబుకయ్యకి ఇది నచ్చలేదు.

"ఏడాదంతా ఒక్క పండూ పట్టలేదు నువ్వు!"

"నా వైపు పండే రాదు కదయ్యా, ఏం పట్టమంటారు?" అంది చిట్టెయ్య.

"నేనూ అదే అంటున్నా. నీ వైపు పనే లేదు. పనిలేనివాడికి కొలువెందుకు?"

అవతలి గట్టున బకనాథమనే కొంగ ఉంది. అక్కడ ఎవరి చోటు వాళ్లు కాస్తారు. బకనాథం ఒంటికాలి మీద నిలబడి కోతి కళ్లలోకే చూస్తుంది. పండు చెయ్యి దాటగానే ఎగిరి పట్టేస్తుంది. ఒక్క ఆటలో మూడు పట్టిందని తెలిసి మన అడవి రాజు సింహం మీసం దువ్వి, "తెప్పించండి!" అంది. రోజుకో తట్ట చేపలకి బేరం కుదిరింది.

కొలువు పోయిన చిట్టెయ్య కళ్లు తుడుచుకుని ఏరు దాటింది. అక్కడ ఆట నేర్పేది ముసలి తాబేలు.

"నీకేం వచ్చు నాయనా?"

"వెంటపడితే వదలను."

"అయితే నువ్వు వెంటే పడు. నీ పక్కన చోటు మేం సర్దుకుంటాం."

ఇవతల బకనాథం బెట్టుగా దిగి, "నేను నిలబడే చోటెక్కడ?" అంది.

"చోటేమిటి? ఇక్కడ నేను పెట్టిన పద్ధతి, వెంటపడడం. పరుగెత్తు!" అంది నక్క.

"ఈ కాళ్లతోనా?"

"మూడు పండ్లు పట్టినవాడివి, ఒక్క చెవులపిల్లిని పట్టలేవా?"

పందెం రోజు పాపం బకనాథం నిజంగానే పరుగెత్తింది. చెవులపిల్లిని చూస్తే కోతి కనబడదు, కోతిని చూస్తే చెవులపిల్లి మాయం. ఓ పండు నెత్తిన పడింది కూడా. అవతలి అంచున మన చెవులపిల్లి గోల.

"కాస్త ఊపిరాడనివ్వవయ్యా, ఒకే అడవిలో పెరిగాం!"

"అందుకేగా నువ్వెటు తిరుగుతావో నాకు తెలుసు," అంది చిట్టెయ్య.

అయినా ఆఖరిదాకా ఆట సమానంగానే నడిచింది. అలసిపోయిన బకనాథం రొప్పుతూ ఆగి, అలవాటుగా ఒక కాలు మడిచింది. సరిగ్గా అప్పుడే అవతలి కోతి విసిరిన పండు టక్కున దాని ముక్కుకి చిక్కింది! అడవంతా ఈలలు.

"ఎవరు నిలబడమన్నారు?" నక్క గట్టున గంతులేసింది. "కొంగజపం చాలించి పరుగెత్తు!"

బకనాథం పరుగెత్తింది. తర్వాతి పండు దాని వీపు మీదుగా వెళ్లి అవతలి చెవులపిల్లి చేతిలో పడింది. దాంతో పందెమూ పోయింది, మడుగూ పోయింది.

ఆ వేసవి చెలమ దగ్గర సింహం కూడా వరసలో నిలబడింది. దాహంతో మండిపడుతూ సంజాయిషీ అడిగింది.

"తప్పంతా కొంగ కాళ్లది మహారాజా! పంపించేశాను," అంది నక్క. "కానీ అది నిలబడి పండు పట్టడం చూశాక నా కళ్లు తెరుచుకున్నాయి. వచ్చే ఏడు మనదీ చోటు కాసే పద్ధతే."

"మరి కాపరి?"

"అవతలి గట్టున ఒక మెరిక ఉంది మహారాజా. ముంగిస. రెండు తట్టలిచ్చయినా తెప్పిద్దాం. ఒంటికాలి మీద నిలబడడం నేను నేర్పిస్తా!"

నీతి: కాపరిది తప్పయితే కాపరిని మార్చాలి, పద్ధతిది తప్పయినా కాపరినే మార్చాలి, పద్ధతి పెట్టినవాడు మాత్రం చల్లగా ఉండాలి.