జయశీలను బండెక్కించవద్దు

సోమవారం పొద్దున యేసుదాసు వేసుకున్న పథకం చాలా చిన్నది. బడికి పోయేలోగా భార్యను మదనపల్లె మిషన్ కాంపౌండు వీధి నుంచి బెంగళూరు బస్టాండు దాకా నడిపించి, తిరిగి నడిపించుకుని ఇంటికి రావాలి. అంతే.

ఆ పని కుప్పంలో డాక్టరమ్మ పురమాయించింది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఐవీఎఫ్ చేసి జయశీల కడుపు పండించింది ఆవిడే. మొన్న షుగరు రిపోర్టు చూసి, కళ్లజోడు తీసి, యేసుదాసు వైపు తిరిగింది.

"నడవమని మొదట్లోనే చెప్పినాను కదా సార్. ఇన్ని నెలలూ మంచం మీద కూర్చోబెట్టి మేపినారా?"

"ఐవీఎఫ్ కడుపు కదా మేడమ్, కదిలితే..."

"ఈమెకు ఏ ఇబ్బందీ లేదు, బిడ్డ బాగుంది. రోజూ నడిపించండి. షుగరు దిగకపోతే ఇన్సులిన్ సూదులు తప్పవు."

సూది మాట వినగానే జయశీల ముఖం వాడిపోయింది. ఈ బిడ్డ కోసం పొట్ట మీద పొడిపించుకున్న సూదులు ఆమె ఇంకా మరిచిపోలేదు. "ఇంగ నా ఒంట్లో సూదికి చోటు లేదు. నడిపిస్తారా, లేదా?" అని తిరుగు బస్సులోనే నిలదీసింది.

చిక్కంతా యేసుదాసు తెచ్చిపెట్టుకున్నదే. కడుపు నిలిచిన కొత్తలో, ఆదివారం చర్చి ఆరాధనలో ప్రార్థన మనవి ఉందంటూ మైకు పుచ్చుకున్నాడు. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు కావడంతో మైకు దొరికితే ఒక పట్టాన వదలడు. "మా జయశీల రోడ్డు మీద నడుస్తా కనిపిస్తే, మీ కూతురే అనుకోని బండెక్కించి ఇంటికి చేర్చండి" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సంఘమంతా ఆమెన్ అంది.

ఆ ఆమెన్ ఇప్పుడు ఆటోలో ఎదురొచ్చింది. వీధి మలుపు తిరగకముందే నతానియేలు బ్రేకు వేశాడు.

"కడుపుతో ఉండే మనిషిని యాడికి నడిపిస్తాండారు సార్? ఎక్కమ్మా!"

"నడవాలన్నా. డాక్టరు చెప్పింది," అంది జయశీల.

"డాక్టర్లు వంద చెప్తారు. సారు ఏడ్చిన ఏడుపు నేను సూసినాను. ఎక్కు తల్లీ!"

మర్నాడు దారి మార్చి టమోటా మార్కెట్టు వైపు బయలుదేరారు. టమోటా టెంపో నడిపే మల్లప్పది ఆ సంఘమే కాదు, అయినా కబురు అతని దాకా చేరింది. టెంపో ఆపి జయశీలను ముందు సీట్లో, యేసుదాసును వెనక టమోటా ట్రేల మీద కూర్చోబెట్టి తెచ్చి దింపాడు. ఆ రోజు సారు ఎర్ర మరకల ప్యాంటుతోనే పాఠం చెప్పాడు. మూడోనాడు చర్చిలో ఆడవాళ్ల కూటమి, స్త్రీల మైత్రికి సెక్రటరీ అయిన ఫ్లారెన్స్ ఆంటీ స్కూటీ మీద జయశీలను ఎత్తుకుపోయింది. యేసుదాసు ఒంటరిగా బస్టాండు దాకా పోయి వచ్చాడు.

"మీ షుగరు బాగా దిగుతా ఉండాది," అంది జయశీల గడపలో కూర్చుని. "శనివారం పుంగనూరు పోదాం. మా అమ్మోళ్ల ఊరికి మీ మైకు వినపడి ఉండదు."

పుంగనూరు బస్టాండులో ఆమె తమ్ముడు జోనాథన్ కారు తలుపు తెరిచి నిలబడి ఉన్నాడు.

"ఫ్లారెన్స్ ఆంటీ ఫోన్ చేసింది బావా. అక్కను ఊరంతా నడిపిస్తాండావంట. బుద్ధి ఉండాదా నీకు?"

ఆ కారు మదనపల్లెలో ఇంటి ముందు దాకా ఆగలేదు.

ఆదివారం యేసుదాసు మళ్లీ మైకు అందుకున్నాడు. "నేను చెప్పింది తప్పు. నడవకపోతే జయశీలకు సూదులు వేస్తారంట. కాన్పు అయ్యేదాకా ఆమెను ఎవురూ బండెక్కించవద్దు. రేపు నేనే మనసు మార్చుకోని మీ కాళ్లు పట్టుకున్నా సరే, ఎక్కించుకోవద్దండి!" సంఘం మరింత గట్టిగా ఆమెన్ అంది.

ఇచ్చిన మాటకు ఊరు కట్టుబడింది. బండ్లు పక్కకు జరిగి దారి ఇచ్చాయి. జయశీల కొంగు నడుముకు దోపి హాయిగా నడిచింది. షుగరు దిగింది. కుప్పం డాక్టరమ్మ సూది పేరే ఎత్తలేదు.

నెలలు నిండిన ఒక పొద్దున జయశీల చెప్పులు వేసుకుంటూ గడప పట్టుకుని ఆగింది. "నొప్పులు మొదలయినట్టు ఉండాయి."

యేసుదాసు నతానియేలుకు ఫోన్ చేశాడు.

"అన్నా, ఆటో తీసుకోని రా!"

"రాను సార్. మీరు అడుగుతారని మీరే చెప్పినారు గదా!" ఫోన్ పెట్టేశాడు.

కాన్పుకు కుదుర్చుకున్న ఆసుపత్రి ఆ వీధి చివరే. ఇద్దరూ నడక సాగించారు. యేసుదాసు రోడ్డుకు అడ్డం పడి చేతులూపితే, మల్లప్ప టెంపో వడుపుగా తప్పించుకుని హారన్ కొట్టి పోయింది. ఫ్లారెన్స్ ఆంటీ స్కూటీ నెమ్మది చేసి చప్పట్లు కొట్టింది.

"శభాష్ జయశీలా! నడువమ్మా, నడువు!"

"ఆంటీ, నొప్పులు!" అని అరిచాడు యేసుదాసు.

"నడిస్తే అన్ని నొప్పులూ పోతాయి అబ్బీ! మనసు మార్చుకోవద్దు!"

"యాల అరుస్తాండారు? గేటు ఆడనే ఉండాది," అని జయశీల భర్త చెయ్యి పట్టుకుని నడిపించింది. గేటు దగ్గర నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. కళ్లు తిరిగి యేసుదాసు అందులో కూలబడ్డాడు. జయశీల కాన్పు గదికి నడిచే పోయింది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారు. వాళ్లను ఇంటికి తీసుకుపోయే రోజు గేటు ముందు నతానియేలు ఆటో, మల్లప్ప టెంపో, పుంగనూరు కారు పోటీపడి నిలబడ్డాయి. జయశీల పాపను చూసుకుని నవ్వి కారెక్కింది. నేను నడిచి వస్తానన్నాడు యేసుదాసు.

పాప బాప్తిస్మం నాడు పాస్టరు అయ్యగారు సాక్ష్యం చెప్పమని యేసుదాసుకు మైకు అందించబోతే, జయశీల మధ్యలోనే అందుకుని స్విచ్ ఆపింది.