పది నిమిషాలు మింగిన చిప్పు

రేడియో మెకానిక్ ఆ పొద్దున వేసుకున్న లెక్క సులువైనదే. భోజనాల వేళకు పాత కంప్యూటర్లో గడియారం చిప్పు బాగుచేయాలి, నాలుగింటికి బావగారి చేతిలో పెట్టాలి. టీవీకి తగిలించుకునే కాలం నాటి ఇంటి కంప్యూటర్ అది. బావగారు, అంటే భార్య అన్నగారు, దాన్ని పాత యంత్రాల ప్రదర్శనకు తీసుకెళ్తారు. నిరుడు అక్కడ మీట నొక్కగానే తెరమీద 1980 జనవరి ఒకటి అని పడింది. జనం ఘొల్లుమన్నారు.

"ఈసారీ నవ్వులపాలైతే చెత్తబండికి ఇచ్చేస్తాను బావా" అన్నారాయన.

"నేను చేయలేకపోతే నా రిపేరు బల్లే ఎత్తేస్తా బావగారూ" అని మెకానిక్ నోరు జారాడు. నలభై ఏళ్లుగా కూడు పెట్టిన బల్ల అది.

కంప్యూటర్ ఆపినా టైము నడవడానికి ఆ చిప్పు కడుపులోనే బ్యాటరీ ఉంటుంది. అది చచ్చింది. మెకానిక్ చిప్పు పక్కను ఆకురాయితో గీకి, లోపలి తీగలు బయటపెట్టి, వాటికి కొత్త బిళ్ల బ్యాటరీ అతికించాడు. చేతి గడియారం చూసి సరిగ్గా పదింటికి టైము పెట్టాడు. గడియారం గొలుసు బోర్డుకు తగిలితే కొంప మునుగుతుందని దాన్ని విప్పి, కొక్కేనికున్న చొక్కా జేబులో వేశాడు. కంప్యూటర్ ఆపి చాలాసేపు కాపలా కూర్చున్నాడు.

"ఏమేవ్, టైమెంత?"

"పదకొండూ పది!" వంటింట్లోంచి భార్య.

మీట నొక్కాడు. తెరమీద పదకొండు.

బ్యాటరీలో పస లేదనుకున్నాడు. వంటింట్లో తూకం మిషన్లోది పీకి వేశాడు. ఈసారి భార్య చెప్పిన టైమే పెట్టి, ఆపి, ఆగి, మళ్లీ అడిగాడు.

"ఒంటిగంట! తిండి అక్కర్లేదా?"

తెరమీద పన్నెండూ యాభై.

అతుకులన్నీ ఊడదీసి మళ్లీ అతికించాడు. వేలు కాలింది. అన్నం చల్లారింది. మళ్లీ ఆవిడనే అడిగి టైము పెట్టాడు.

"ఇప్పుడెంతే?"

"మూడు! అన్నయ్య వచ్చేస్తాడు. నా తూకంలో బ్యాటరీ ఏదండీ?"

తెరమీద రెండూ యాభై. ముదనష్టపు చిప్పు, ఎన్నిసార్లు చేసినా కొలిచినట్టు పది నిమిషాలే మింగుతోంది! ఖాళీ బల్ల కళ్లముందు కదిలింది.

ఇక ఏం చేయాలో తోచక తలపట్టుకుని కూర్చున్నాడు. వాకిట్లో కారు ఆగింది.

"టైమెంతే?"

"నాలుగు!"

గబగబా నాలుగని కొట్టాడు. బావగారు వస్తూనే తెర చూశారు, తన మణికట్టు చూసుకున్నారు.

"నాలుగు! సెకను తేడా లేదు బావా. బల్ల ఎత్తక్కర్లేదులే!" అని కంప్యూటర్ చంకనబెట్టుకుని వెళ్లిపోయారు.

మెకానిక్ నమ్మలేక, చొక్కా జేబులోంచి చేతి గడియారం తీశాడు. మూడున్నర. చెవి దగ్గర పెట్టుకున్నాడు. నిక్షేపంలా ఆడుతోంది.

"ఏమేవ్, పొద్దున్నించీ టైమెలా చెప్పావే నాకు?"

"ఎప్పట్లాగే, కలిపి చెప్పాను. మొదట పది నిమిషాలు. మీరు తెమిలేలా లేరని ఇరవై, ఆ తర్వాత ముప్ఫై. లేకపోతే మీరెన్నడైనా వేళకు కదిలారా?"

"మరి బావగారి గడియారం?"

"వదిన అరగంట ముందుకు తిప్పి పెడుతుంది. నేనే చెప్పా."

రెండిళ్లలోనూ ఇంకా వెనకబడి ఉన్నది తన చేతి గడియారం ఒక్కటే కనుక, మెకానిక్ కీ లాగి, అరగంట ముందుకు తిప్పి దాన్ని బాగుచేశాడు.