చాయ్ వద్దన్న మనిషి

ఆ శనివారం పొద్దున ఎల్డర్ ఫిఫిటా, ఎల్డర్ రవితేజ వేసుకున్న కార్యక్రమంలో గొడవలకు ఎక్కడా చోటు లేదు. తుర్కయంజాల్ వెళ్లి ఇంటి ఓనరు బిక్షమయ్య ప్లాటులో సర్కారు తుమ్మ కొట్టేయాలి. మధ్యాహ్నానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రార్థన తరగతికి అందుకోవాలి. తరగతి ఉంది కాబట్టి తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, టై, జేబు మీద పేరున్న నల్ల బిళ్ల ఇంటి దగ్గరే తగిలించుకున్నారు. ఎల్డర్ అంటే వాళ్ల మార్మన్ చర్చి ప్రచారకుడికిచ్చే బిరుదు. పెద్దాయన అన్నమాట. ఇద్దరికీ ఇరవయ్యేళ్లే!

రవితేజది రాజమండ్రి. ఫిఫిటాది టోంగా, ఎక్కడో పసిఫిక్ సముద్రం మధ్య దీవులు. అతను ఎక్కాడంటే ఎల్బీ నగర్ ఆటోలు ఒక పక్కకు ఒరిగిపోతాయి. మనసు మాత్రం వెన్న. తెలుగు సగం రవితేజ దగ్గర, సగం బిక్షమయ్య దగ్గర నేర్చుకోవడం వల్ల అతని ఒక్కో వాక్యం గోదావరిలో బయల్దేరి మూసీలో తేలుతుంటుంది. ఇద్దరూ బిక్షమయ్య మేడ మీది గదిలో కిరాయికి ఉంటారు. చాయ్, కాఫీ ముట్టరు. అది వాళ్ల చర్చి నియమం.

"పొద్దుగాల చాయ్ తాగనోడు దేవుని ముచ్చట ఎట్ల చెప్తడో ఏమో!" అని ఆశ్చర్యపోతూనే బిక్షమయ్య భార్య పూలమ్మ వాళ్లకు రోజూ రాగిజావ కాచి పోస్తుంది.

ఇక ఆ ప్లాటు సంగతి. బిక్షమయ్య జీవితమంతా బస్సు నడిపి కొన్న జాగా అది. పక్క ప్లాటు యోగేందర్ అనే రియల్ ఎస్టేట్ ఆసామిది. అతగాడు ఒక రాత్రి హద్దురాళ్లను రెండు గజాలు ఇవతలికి జరిపి పాతేశాడు. అదేమని అడిగితే, "సర్వేయర్‌ని తీస్కరా కాకా" అంటాడు. సర్వేయర్ వచ్చినప్పుడల్లా యోగేందర్ జీపులోనే దిగుతాడు. రాళ్లు వాటి జాగాకు పోయేదాకా అక్కడ ఇంటి పునాదికి ముగ్గు పోయనని పూలమ్మ ఒట్టు పెట్టుకుంది. దాంతో కొత్తిల్లు లేవాల్సిన చోట తుమ్మ లేచింది. ఈ కథంతా మేడమీది పిల్లలకు చెప్పుకోవడం నామోషీ అనిపించి బిక్షమయ్య చెప్పలేదు.

ప్లాటు దగ్గర ఫిఫిటా, వెంట వచ్చిన బిక్షమయ్య అందించిన గొడ్డలి పక్కన పడేసి, చేతులకు గోనెసంచి చుట్టుకుని, తుమ్మ మొదలు పట్టి ఒక్క గుంజు గుంజాడు. చెట్టు వేళ్లతో సహా ఊడొచ్చింది. అవతల యోగేందర్ వాచ్‌మన్ నోట్లోని తంబాకు ఊసేసి ఫోన్ తీశాడు.

"అన్నా, జర జల్ది రా! బిక్షమయ్య ఫారిన్ బౌన్సర్ని దించిండు. టై కట్టుకోని మరీ చెట్లు పీకుతుండు!"

యోగేందర్ ఇద్దరు మనుషులతో జీపు దిగాడు. ఫిఫిటాను చూశాడు. తెచ్చిన ఇద్దరూ సరిపోరని అర్థమై, మర్యాదగా చాయ్ తెప్పించాడు. ఆ ఏరియాలో ఎంత పెద్ద పంచాయితీ అయినా చాయ్‌తోనే తెగుతుంది. చాయ్ తాగితే మనిషి బేరానికి వచ్చినట్టు. వద్దన్నాడంటే ఇక మాటల్లేవని.

ఫిఫిటా గుండె మీద చెయ్యి పెట్టుకుని, చక్కగా నవ్వి, అడ్డంగా తలూపాడు. యోగేందర్ గాబరాగా మనిషిని మళ్లీ చాయ్ బండికి ఉరికించాడు. ఈసారి మలై వేసిన స్పెషల్ చాయ్, బిస్కెట్లతో సహా వచ్చింది. మళ్లీ అదే నవ్వు.

"ఏమీ అనుకోకండి, మా నియమమండి. ఎవరిచ్చినా తాగం," అన్నాడు రవితేజ.

"బిక్షమయ్య మీకు ఎంతిస్తుండు తమ్మీ?"

"ఏమీ వద్దన్నామండి. ఇది మా సేవ."

డబ్బు తీసుకోకుండా కొట్టేవాళ్లుంటారని యోగేందర్ ఎన్నడూ వినలేదు. "మీరు మొత్తం ఎంతమంది?"

"ప్రపంచమంతా ఉన్నారండి, వేలల్లో. ఎక్కడైనా ఇద్దరిద్దరుగానే తిరుగుతాం. రెండేళ్లపాటు ఇంటికెళ్లం. వారానికొక్కసారే ఫోన్."

"జైల్లనే నయం గదనే," అని యోగేందర్ వెనకున్నవాడు గొణిగాడు.

సరిగ్గా అప్పుడే ఫిఫిటా గుంజిన ఇంకో తుమ్మ, వేళ్లలో ఇరుక్కున్న హద్దురాయిని కూడా వెంటేసుకొచ్చింది. వాళ్ల దీవిలో పని జరుగుతున్న చోట బరువు కనిపిస్తే ఎత్తడమే తప్ప ఎవరిదని అడగరు. రాయిని భుజానికెత్తుకుని, ఎదురుగా ఉన్న మనిషినే వినయంగా అడిగాడు.

"అన్నా, గిది యాడ పెట్టమంటారండి?"

అప్పటికే చాయ్ బండి జనం, పక్క సైటు మేస్త్రీలు మూగారు. యోగేందర్ చెమటలు తుడుచుకుంటూ వేలు చూపించాడు. "గాడ... గా గుంత పక్కకు. గదే పాత జాగ."

ఒక్క రాయి వరస తప్పితే బాగుండదని ఫిఫిటా మిగతావన్నీ పీకి అదే వరసలో పాతేశాడు. సద్దిగిన్నెతో అప్పుడే ఆటో దిగిన పూలమ్మ అది చూసి ఉన్నచోటే నిలబడిపోయింది. బిక్షమయ్య పట్టలేని సంతోషంలో కథంతా కక్కేశాడు. "నిన్ను బౌన్సర్ అనుకున్నడు బిడ్డా! చాయ్ వద్దన్నవు గదా, ఇగ పానం తీస్తవనుకున్నడు!"

రవితేజ అది ఇంగ్లీషులో విప్పి చెప్పగానే ఫిఫిటా మొహం వాడిపోయింది. తనను చూసి ఒక మనిషి భయపడ్డాడు! గబగబా జీపు వైపు నడిచాడు.

"ఓ బిడ్డా, ఆగు! నీకు దండం పెడ్త, ఏం చెప్పకు!" అని పూలమ్మ వెంటపడింది. ఇల్లు చేతికందినట్టే అంది జారిపోతోందని ఆమె భయం.

"అన్నా, నేను బౌన్సర్ కాదండి," అన్నాడు ఫిఫిటా. "దేవుని పని చేస్త. చాయ్ ఎవరింట్లనూ తాగనండి. భయపెట్టిన, మాఫ్ చెయ్యి. రాళ్లు మళ్ల వెనక్కి పెట్టమంటే పెట్టేస్తానండి." చెప్పి ఊరుకోకుండా మొదటి రాయి మీదికి వంగాడు కూడా.

యోగేందర్ మొహం ఎర్రబడింది, నోరు తెరిచాడు. చుట్టూ జనం. అందరికన్నా ముందు అతని వాచ్‌మనే అమాయకంగా, "పాత జాగ గదే అని నువ్వే చూపిస్తివి గదా అన్నా," అన్నాడు.

యోగేందర్ తెరిచిన నోరు మూసి, మళ్లీ తెరిచాడు. "ఉండనియ్ తమ్మీ. గంత బరువు ఎన్నిసార్లు మోస్తవ్."

పూలమ్మ ఏడుస్తూ నవ్వుతూ, సద్దిగిన్నె మూతతో మట్టి మీదనే ముగ్గు గీత గీసేసింది.

మర్నాడు సాయంత్రం యోగేందర్ ఒక్కడే ఎల్బీ నగర్‌లో బిక్షమయ్య మేడ మెట్లెక్కాడు. చెప్పులు బయట విడిచి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. "బాటసింగారంల నాకింకో ప్లాటున్నది. పక్కోడు నాకంటె పెద్ద గట్టోడు. నా రాళ్లే లోపటికి జరిపిండు."

"మేము గొడవలకు రామండి బాబూ," అన్నాడు రవితేజ కంగారుగా. "కంప కొట్టమంటే వస్తాం."

"కంప గింప ఏం లేదు. ఒక్కసారి ఒచ్చి, చాయ్ వద్దని చెప్పి పోండ్రి."