రెండిటుకల మీద నైట్రో దిగ్విజయము

సహ్యాద్రి శిఖరాన పుట్టి, బెజవాడ బ్యారేజీ గేట్ల ముందు ఒక్క క్షణం తలవంచి, కాలువలై, పిల్లకాలువలై, బోదెలై, చిట్టచివరకు మా పామర్రు రైతుల గట్టు తగాదాలై పరిణమించే కృష్ణవేణీ జలముల సాక్షిగా, ధాన్యం ఎత్తేసిన సిమెంటు కళ్లం పెనమై కాగడానికి సన్నద్ధమవుతున్న ఒక ఫాల్గుణ శనివారం నాడు, ఉదయం తొమ్మిది గంటల వేళ, భూమండలం కనీవినీ ఎరుగని మహాసంగ్రామమొకటి ఆరంభమైంది.

అందు నాయకుడు రామకోటేశ్వరరావు. అఖర్వగర్వపర్వతాగ్రనివాసి. నలభై ఏళ్లు పొలంలో నీళ్ల ఇంజను హ్యాండిలు తిప్పిన ప్రచండబాహుదండుడు. తన దగ్గు వినపడితే చాలు, హనుమాన్ జంక్షన్ దాకా ఆగిన లారీలన్నీ వాటంతటవే స్టార్టవుతాయని దానమ్మ టీకొట్టు బల్ల మీద పలుమార్లు ఘోషించిన సత్యదూరవాక్యధురంధరుడు. ఆయన గుట్టు నీకెట్లా తెలుసందురేమో, ఆ మహానుభావుడి కళ్లజోడు ప్రస్తుతం నా ముక్కు మీదే ఉంది. సొంత డబ్బా కొట్టుకోవడం తప్పు గనుక ‘ఆయన’ అంటున్నాను.

ప్రతినాయకుడు సంజీవరావు. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు, బస్సు డ్రైవరుగా రిటైరైనవాడు, ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరుసవాడు. రిమోటుతో పరిగెత్తే బ్యాటరీ కారొకటి కొని కళ్లం మీద తిప్పుతుంటే, మన వీరుడు అసూయాగ్నిదందహ్యమానమానసుడై, “అదేం కార్రా? మిక్సీ మోటారుకి చక్రాలు కట్టావు. ఇంజనంటే పొగ రావాలి!” అన్నాడు. అన్నాక కొనక తప్పుతుందా? బెజవాడ వెళ్లి, ఆముదం కలిపిన నైట్రో అనే ఘాటు ఇంధనంతో నడిచే బుల్లికారొకటి తెచ్చాడు. దాని ఇంజను పిడికెడు. దాని పొగరు పుట్టెడు.

కొత్త ఇంజనును పుట్టగానే పరిగెత్తించరాదట. కారును ఇటుకల మీద ఎత్తి, చక్రాలు గాలిలో ఉంచి, ఒక టాంకు ఇంధనం అయిపోయేదాకా ఆగకుండా, నెమ్మదిగా, నీలిపొగ కక్కుతుండగా నడిపించాలి. అప్పుడే లోపలి పిస్టను దారికొస్తుంది.

“పన్నెండింటికి రైసు మిల్లు సైరను మోగేలోపు ఒక్క టాంకు నడిపించు చూద్దాం,” అన్నాడు సంజీవరావు, ప్లాస్టిక్ కుర్చీ సింహాసనంగా ఆసీనుడై.

“నడిపించకపోతే?”

“దానమ్మ కొట్టు ముందు నిలబడి, ‘నాకు ఇంజన్లు తెలీవు’ అని మూడుసార్లు అనాలి.”

ఆ మాట అన్నాక మన వీరుడికి మిగిలేదేముంది? పొలం కౌలుకిచ్చాడు, పళ్లు పోయాయి, ఉన్న ఆస్తల్లా ఇంజన్లు తెలిసినవాడన్న ఆ పేరే. అయినను తొడగొట్టి, తొడ నొప్పి పుట్టి, “వినరా సంజీవా! ఇనపగుండె గల రాక్షసయంత్రాలను ఉప్పుబస్తాల్లా ఊపిన చెయ్యిది! ఈ నిమ్మకాయంత ఇంజను నాకెంత?” అని గర్జించాడు.

పిమ్మట శాస్త్రోక్తంగా వాహనపూజ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ఎదుట కొబ్బరికాయ. ఇంజను పక్కన బుల్లి స్పాంజి బుడిప ఒకటి ముద్దుగా కనబడగా, అదే కారు నుదురని నిర్ణయించి, దట్టంగా పసుపు మెత్తి, నడుమ కుంకుమబొట్టు దిద్దాడు.

ఇక యుద్ధం. కారును రెండిటుకల మీదికెత్తాడు. కొత్త పిస్టను బిగుసుకుని ఉంటే, మనవరాలు మరిచిపోయిన జుట్టారబెట్టే మిషనుతో దానికి వేడిగాలి ఉపచారం చేసి, ప్లగ్గు వెలిగించి, తాడు లాగాడు. లాగాడు. భుజకీర్తులుండవలసిన చోట అమృతాంజనం వాసన గుబాళించగా మళ్లీ లాగాడు. ఇంజను గ్ర్ర్‌ర్ మని లేచి, నాలుగుసార్లు దగ్గి, చచ్చింది. ప్లగ్గు విప్పి చూస్తే ఇంధనంలో మునిగి ఉంది.

“ఇంధనం ఎక్కువైంది,” అని ప్రకటించి, ఇంధనాన్ని అదుపుచేసే సూది స్క్రూను ఇంత బిగించాడు. లేచింది, దగ్గింది, చచ్చింది. ఇంకొంత బిగించాడు. మళ్లీ అంతే. అట్లు పద్దెనిమిది పర్యాయములు, కురుక్షేత్రంలో రోజుకొకటి చొప్పున, ఆ అల్పప్రాణి మరణించి జన్మించి మరణించగా, పదకొండున్నరైంది.

“అనడం ప్రాక్టీసు చేస్కో,” అన్నాడు సంజీవరావు.

అంతలో జుట్టారబెట్టే మిషను కోసం మాణిక్యమ్మ వచ్చింది. వీరపత్ని. చేతిలో మజ్జిగ.

“ఏవండీ, దీనికి గాలి ఎటునుంచి పోద్ది?”

“ఆ బుడిపలోంచి,” అన్నాడు వీరుడు, డబ్బా మీది బొమ్మను తిరగేసి చూసి. చెప్పిన మరుక్షణం వంగి బుడిపను వేలితో నొక్కాడు. పసుపు ఎండి, స్పాంజి రంధ్రాలన్నీ పూడి, బుడిప పిడకలా గట్టిపడి ఉంది.

“ముక్కుకి పసుపు మెత్తి ఊపిరి పీల్చమంటే ఏం పీలుస్తదండీ పాపం?”

“ఒరేయ్ సంజీవా! నీకు ముందే తెలుసా?”

“పొద్దున్నే చూశా.”

“చెప్పవేంట్రా!”

“పూజ సంగతి కదరా! మీ పూజలో నేను వేలు పెడితే ఏం బాగుంటది? మర్యాద కాదని ఊరుకున్నా.”

ఆ మర్యాదకు మన వీరుడి రెండున్నర గంటలు, కుడిభుజం బలి.

“మరి బొట్టు చెరపొచ్చంటావా?” అని నసిగాడు వీరుడు.

“కడిగెయ్యండి. కొత్త బొట్టు టైరుకి పెట్టండి. టైరు ఊపిరి పీల్చదుగా,” అని మాణిక్యమ్మ ధర్మసూక్ష్మం తేల్చింది. సబ్బునీళ్లతో కడిగి, అదే మిషనుతో ఆరబెట్టి, బుడిపకు రవ్వంత నూనె అద్ది బిగించేసరికి పదకొండూ నలభై ఐదు.

తాడు లాగాడు. లేచింది! లేచి, కందిరీగల సైన్యంలా కీచుమంది. పొగ లేదు. మాణిక్యమ్మ ఇంజను తల మీద నీటిచుక్క విదిల్చితే చుయ్‌మని మాయమైంది.

“కాలిపోద్దిరా! ఇందాకట్నుంచీ బిగిస్తానే ఉన్నావుగా, సూది వదులు చెయ్యి!” అని అరిచాడు సంజీవరావు, పందెం మరిచి, కుర్చీ తన్నేసి లేచి.

పద్దెనిమిదిసార్లు బిగించిన గర్వాన్ని వీరుడు వెనక్కి తిప్పాడు. కీచు తగ్గింది. కంఠం మెత్తబడింది. నీలిపొగ వచ్చింది! ఆముదం వాసన కళ్లమంతా కమ్మింది. ముగ్గురూ దగ్గుతూ, ఒకరి మొహం ఒకరికి కనపడక, టాంకు మీదికే వంగి నిలిచారు. అయిదు నిమిషాలు. పది. టాంకు అడుగున చెంచాడు మిగిలింది. చుక్క మిగిలింది. ఇంజను ఒక్కసారి గొంతెత్తి, తృప్తిగా ఆగింది. పొద్దుటి నుంచీ ఆగితే ఓటమి, ఇప్పుడు ఆగడమే గెలుపు. వెనువెంటనే మిల్లు సైరను మోగింది.

“గెలిచావు, ఒప్పుకున్నాం,” అన్నాడు సంజీవరావు. “ఇంక పరిగెత్తిద్దామా?”

“ఇంకా నాలుగు టాంకులు ఇట్టాగే నడపాలంట్రా.”

“ఈయనకి ఇంజన్లు తెలుసన్నయ్యగారూ,” అంది మాణిక్యమ్మ, మజ్జిగ అందిస్తూ. “వాటి ముక్కెక్కడో తెలీదు, అంతే.”

కాబట్టి లోకులారా, దానమ్మ కొట్టు బల్ల సాక్షిగా చాటుతున్నాను: చక్రం నేల తాకక, అంగుళమైనా కదలక, రెండిటుకల మీద నిలిచి, రామకోటేశ్వరరావు మహావీరుడు పామర్రు నుంచి పామర్రు దాకా జైత్రయాత్ర ముగించాడు. జయం! విజయం! ఎవరైనా నా భుజానికి కాస్త అమృతాంజనం రాయండి.